హైవే పక్క హోటల్లో ఎవరి పాతకాలం?

2025 ఆగస్టులో అమెరికాలో ఒక హోటల్ బోర్డు జాతీయ వార్త అయింది. క్రాకర్ బ్యారెల్ అనే రెస్టారెంట్ల సంస్థ తన లోగోలోంచి, పీపాకు ఆనుకుని కూర్చున్న ముసలాయన బొమ్మను తీసేసింది. సంప్రదాయాన్ని చెరిపేస్తున్నారని గోల మొదలైంది. షేరు ధర పడింది. పాతదే పెట్టమని ట్రంప్ కూడా అన్నాడు. పది రోజులు కాకముందే ముసలాయన తిరిగొచ్చాడు.

ఇంతకీ ఆ సంప్రదాయం వయసెంత? 1969లో డాన్ ఎవిన్స్ అనే షెల్ పెట్రోలు వ్యాపారి, అమ్మకాలు పెంచుకోవడానికి టెనెసీ రాష్ట్రంలోని లెబనాన్ దగ్గర హైవే దిగే చోట మొదటి హోటల్ తెరిచాడు. పాతకాలపు పల్లెటూరి కిరాణా కొట్టులా అలంకరించాడు. ఆ తర్వాతి శాఖలూ ఎక్కువగా హైవే ఎగ్జిట్ల పక్కనే వచ్చాయి. హోటళ్లలో జాతి వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం అప్పటికి అయిదేళ్లది. ఆ నిషేధాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది కూడా సమానత్వం పేరుతో కాదు, రాష్ట్రాల మధ్య వాణిజ్యం పేరుతో! అంటే ఈ హోటల్ ఏ పాతకాలాన్ని అమ్ముతోందో, ఆ కాలంలో దక్షిణాదిన చాలాచోట్ల నల్లజాతీయులకు బల్ల దగ్గర చోటే లేదు.

చట్టం తలుపు తెరిపించింది. వివక్ష బల్లల దగ్గరికి జరిగింది. 2004లో అమెరికా న్యాయశాఖ ఈ సంస్థపై దావా వేసింది. ఏడు రాష్ట్రాల్లోని సుమారు 50 శాఖలను పరిశీలించి చేసిన ఆరోపణలివి: నల్లజాతీయులను వేరే వైపు కూర్చోబెట్టారు, తెల్లవాళ్ల తర్వాతే బల్ల ఇచ్చారు, తెల్ల సర్వర్లు వడ్డించమంటే సరేనన్నారు. సంస్థ ఆరోపణలను కాదంటూనే రాజీపడింది. ఆ చట్టం కింద నష్టపరిహారం లేదు. కానీ రాజీలో ఒక షరతు ఉంది: మారువేషంలో కస్టమర్లను పంపి శాఖలను పరీక్షించాలి.

మన రాజ్యాంగంలోని 15(2) అధికరణ హోటళ్లలో కుల వివక్షను 1950లోనే నిషేధించింది, అమెరికా కంటే 14 ఏళ్ల ముందు. రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాతా బతికింది. మనకు హైవే కొంత మరుగు ఇస్తుంది, ఢాబా వాడికి మన కులం తెలియదు. నల్లజాతి ప్రయాణికుడికి ఏ ఎగ్జిట్ దగ్గరా ఆ మరుగు లేదు. మన ఊళ్లో టీకొట్టు వాడికి అన్నీ తెలుసు. అక్కడ సాధారణంగా అవమానపడ్డ మనిషే స్టేషన్‌కు వెళ్లాలి, అదే ఊళ్లో సాక్షుల్ని వెతుక్కోవాలి. ఎవరూ ఫిర్యాదు చేయకముందే వెళ్లి టీ అడిగి చూసే బాధ్యత ఇక్కడ ఏ అధికారికి ఉంది?