ముందు లీగ్, తరువాతే క్లబ్



2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అప్పటినుంచి మా విజయనగరంలో బంతాట మీద మనసున్న నలుగురు కలిస్తే ఒకటే మాట: "హైదరాబాద్‌కు పోతే పోయింది, ఉత్తరాంధ్రకైనా ఒక క్లబ్ తెప్పించాలి." ఎవరైనా పెద్ద పారిశ్రామికవేత్తను ఒప్పిస్తే పనైపోతుందని వాళ్ల ధీమా. ఆ ధీమాతో నాకు పేచీ ఉంది.

తెప్పించిన క్లబ్ ఎలా వచ్చిందో అలాగే పోతుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ అయినా హైదరాబాద్ గల్లీల్లో పుట్టిందేమీ కాదు, 2019లో పుణె క్లబ్ మూతపడితే దాని స్థానంలో వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ చేరి ఒడిశా ఎఫ్‌సీ అయింది. మన వాకిట్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఐ-లీగ్‌లోకి కొత్త క్లబ్‌లను నేరుగా తీసుకుంటామని 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బిడ్లు పిలిచినప్పుడు, శ్రీనిధి క్లబ్‌కు చోటు దక్కింది విశాఖపట్నం పేరు మీద. ఏడాది తరువాత ఆట మొదలయ్యేసరికి అది శ్రీనిధి డెక్కన్. సొంత మైదానం హైదరాబాద్ శివారులోని అజీజ్‌నగర్‌లో. 2022-23, 2023-24 సీజన్లలో వరసగా రెండో స్థానంలో నిలిచిన మంచి జట్టది, వాళ్లను తప్పు పట్టను. మైదానమూ హాస్టలూ ఎక్కడుంటే జట్టు అక్కడే ఉంటుంది. నాకు మింగుడుపడనిది మన సంగతి. విశాఖ పేరు మీద వచ్చిన క్లబ్ విశాఖలో ఎందుకు లేదని ఇక్కడ గట్టిగా అడిగినవాళ్లు నాకైతే కనబడలేదు. రైల్వే జోన్ కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కిన జనమే మనం! లేనిదాన్ని పోగొట్టుకున్నామని ఎవరికి అనిపిస్తుంది?

తెలుగు నేల మీద నిలిచిన ఫుట్‌బాల్ జట్టు ఎలా తయారైందో ఒకసారి చూడాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. 1950 నుంచి 1954 దాకా ఏటా రోవర్స్ కప్ దానిదే, వరసగా ఐదుసార్లు. రాష్ట్రం ఏర్పడ్డాక అదే ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టుగా 1961లో మళ్లీ డ్యూరాండ్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని షరతు పెట్టి కుర్రాళ్లకు పోటీలు నడిపిన మనిషి. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది.

ఇందులో కిటుకు ఉద్యోగం. ఆటగాళ్లు పోలీసు కొలువులో ఉన్నవాళ్లు. నెల తిరిగేసరికి జీతం అందేది, మోకాలు దెబ్బతింటే బతుకు రోడ్డున పడేది కాదు. ఇవాళ సెమీ ప్రొఫెషనల్ అంటున్నది దాదాపు ఇదే. కొలువు ఒకచోట కుదిరితే ఆటగాడు ఏళ్లకేళ్లు ఒకే జట్టులో ఉంటాడు. పక్కవాడు ఎటు పరిగెడతాడో తల తిప్పకుండానే తెలిసిపోతుంది. ఏడాది కాంట్రాక్టు మీద వచ్చిపోయేవాళ్లకు ఆ ఎరుక అంత సులువుగా అబ్బదు.

ఇక మన వైపు. ఇచ్ఛాపురం, పలాస, ఆమదాలవలస, విజయనగరం మీదుగా వాల్తేరు చేరే రైలు మార్గం ఒకప్పుడు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేది. పెద్దవాళ్ల నోట బీఎన్నార్. ఆ రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తట్టాబుట్టా సర్దుకుని ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. బీఎన్నార్ ఫుట్‌బాల్ జట్టు కలకత్తా లీగ్‌లో పెద్ద క్లబ్‌లకు ఎదురు నిలిచేది. 1964లో రోవర్స్ కప్ గెలిచింది. అదే ఏడాది ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన దేశం రెండో స్థానంలో నిలిచింది. అక్కడ దక్షిణ కొరియా మీద మొదటి గోల్ కొట్టినవాడు బీఎన్నార్ ఆటగాడు అప్పలరాజు. ఆట మొదలై రెండు నిమిషాలే అయింది. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు గానీ, ఈ అప్పలరాజు పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

"మనవాళ్లు క్రికెట్ తప్ప ఇంకోటి చూడరండీ" అని కొట్టిపారేసేవాళ్లకు ఒక మాట. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు క్రికెటర్ కాడు, సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరీ కాదు. క్రికెట్‌లో మన ఊరు భారత జట్టుకిచ్చిన కెప్టెన్ మహారాజ్‌కుమార్ విజ్జీ. 1936 ఇంగ్లండ్ పర్యటనలో ఆయన నాయకత్వం గురించి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత గౌరవం. జనం ఏది కళ్ల ముందు జరిగితే అది చూస్తారు. సంక్రాంతికి ఏ ఊరు వెళ్లినా టెన్నిస్ బంతి క్రికెట్ టోర్నమెంటు ఉంటుంది: ఫ్లెక్సీ, మైకులో కామెంటరీ, బెంచీ మీద ఎర్రగుడ్డ పరిచి కప్పులు. అవతల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు గోల్ స్తంభాలుంటే వల ఉండదు. బంతి స్తంభం లోపలినుంచి పోయిందా, పక్కనుంచి పోయిందా అని పావుగంట కొట్లాట. అది తేలేలోగా చూసేవాళ్లు ఇంటిదారి పడతారు.

జనాభా చాలదనీ, ఊళ్లు చిన్నవనీ అనకండి. 2011 లెక్కల ప్రకారం మిజోరం రాష్ట్రమంతా కలిపి 11 లక్షలు. అప్పటి శ్రీకాకుళం జిల్లా ఒక్కటే 27 లక్షలు, విజయనగరం 23 లక్షలు. ఆ మిజోరంలోని ఐజ్వాల్ క్లబ్ 2016-17లో ఐ-లీగ్ గెలిచింది, కలకత్తా క్లబ్‌లనూ బెంగళూరునూ వెనక్కి నెట్టి. అదేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాళ్లు 2012లోనే సొంత లీగ్ పెట్టుకున్నారు, ఊరి కేబుల్ చానల్ ఆ మ్యాచ్‌లను ఇళ్లలోకి తెచ్చింది.

కాబట్టి నేను కోరేది క్లబ్ కాదు, లీగ్. విజయనగరం, శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం, రాజాం, ఆమదాలవలస, పలాస, నెల్లిమర్ల - ఎనిమిది జట్లు. ఇక్కడొకసారి, అక్కడొకసారి ఆడితే జట్టుకు 14 మ్యాచ్‌లు. తుపానులు తగ్గాక, డిసెంబరు నుంచి మార్చి దాకా ఆదివారాల్లో సరిపోతాయి. వీటిలో చాలా ఊళ్ల మధ్య ప్యాసింజర్ రైల్లోనే వెళ్లి రావచ్చు. మొదటి రెండేళ్లు వలలకూ, రిఫరీల భత్యానికీ, అంబులెన్సుకూ డబ్బుంటే చాలు, విదేశీ కోచ్ ఎవరికీ అక్కర్లేదు.

అసలు చిక్కు కొలువులది. చిట్టివలస జూట్ మిల్లు మూతపడింది. అయితే పైడిభీమవరంలో మందుల కంపెనీలు ఉన్నాయి, భోగాపురంలో విమానాశ్రయ నిర్మాణం చేపట్టారు, దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. జోన్‌కు క్రీడా సంఘం ఎలాగూ ఉంటుంది. బీఎన్నార్‌కు వారసులమని చెప్పుకోదగిన జోన్, మన కుర్రాళ్లతో ఒక ఫుట్‌బాల్ జట్టును నిలబెట్టలేదా? ప్రభుత్వం క్రీడాకోటాను రెండు నుంచి మూడు శాతం చేసింది, సంతోషమే. కానీ కోటా సర్టిఫికెట్‌ను చూసి ఉద్యోగమిస్తుంది. ఒకడు గుంటూరులో, ఇంకొకడు కడపలో పడితే జట్టెక్కడిది? పోలీసు శాఖ పాత పద్ధతిలో పదహారు మందిని విజయనగరంలో ఒకేచోట ఉంచి ఆడించాలి. రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎమ్మార్ 2008లోనే ఢిల్లీ క్రికెట్ జట్టును కొన్నది. ఆ ఖర్చులో నలుసంతతో ఈ లీగ్ నడుస్తుంది.

సంపాదకులకు ఒక విన్నపం. మీ జిల్లా పేజీలో సోమవారం నాడు పావు కాలమ్ చోటు ఇవ్వండి: ఏ జట్లు ఆడాయి, ఎన్ని గోల్స్, ఎవరు కొట్టారు. అంతకుమించి వద్దు. ఇంతకాలం ఈ ఆటను పట్టించుకోని ఫలితం చూడండి: రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ చివరిసారి గెలిచింది 1965-66లో.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం