మంగళవారం మ్యాట్నీ

2023 మార్చి 3న ‘బలగం’ థియేటర్లలో విడుదలైంది. మూడు వారాలకే, అదే నెల 24న, ఓటీటీలోకి వచ్చేసింది. ఇక ఎవరి ఫోనులో వాళ్లు, ఎవరి మంచం మీద వాళ్లు చూసుకుంటారని అందరూ అనుకుంటారు. తెలంగాణ పల్లెల్లో జరిగింది వేరు. ఊళ్లలో తెరలు కట్టారు. పిట్ట ముట్టని చావింటి కథను ఊరు ఊరంతా ఒకచోట కూర్చుని చూసింది. చివర్లో బుడగజంగాల పాట వస్తుంటే కలిసి ఏడ్చింది. అనుమతి లేని ఈ ప్రదర్శనల మీద నిర్మాణ సంస్థ పోలీసులకు ఫిర్యాదు కూడా చేసింది. హక్కుల లెక్కన అది న్యాయమే. కానీ చేతిలో ఉన్న సినిమాను పదిమందితో కలిసి చూడాలని అంతమందికి ఎందుకనిపించింది?

ఇల్లా, హాలా అంటూ 2020 నుంచి సాగుతున్న వాదం ఈ ప్రశ్న దగ్గర ఆగడం లేదు. ఆ ఏడాది మార్చిలో హాళ్లు మూతపడ్డాయి. సెప్టెంబరు 5న ‘వి’ నేరుగా ఇళ్లలోకి వచ్చింది. థియేటరు పని అయిపోయిందని కొందరు తేల్చేశారు. డిసెంబరులో ‘సోలో బ్రతుకే సో బెటర్’కు తలుపులు తెరవగానే మాస్కులు కట్టుకుని మరీ జనం వెళ్లారు. ఇళ్లలోకి వీసీఆర్ వచ్చినప్పుడూ ఇవే జోస్యాలు చెప్పారు, శాటిలైట్ చానళ్లు వచ్చినప్పుడూ చెప్పారు.

ఇంటి తెర చేసిన మేలును తక్కువ చేయనక్కర్లేదు. ‘కలర్ ఫొటో’ 2020 అక్టోబరులో ఓటీటీలోనే విడుదలై, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకుంది. ‘సినిమా బండి’ లాంటి చిన్న సినిమా శుక్రవారం పోటీలో నలుగురి కంట పడటమే కష్టం. ఇంటి తెర దాన్ని దేశమంతా చూపించింది. మలయాళ సినిమా తెలుగు ఇళ్లలో చుట్టమైపోయింది. మెట్లెక్కలేని పెద్దవాళ్లు, వినికిడి తగ్గి తెర మీది అక్షరాలు చదువుకునేవాళ్లు, పనంతా ముగిశాక అరగంట చొప్పున నాలుగు రాత్రుల్లో ఒక సినిమా పూర్తిచేసే ఇల్లాళ్లు, వీళ్లకు హాలు ఎన్నడూ అంత దగ్గరగా లేదు.

అయితే ఇంట్లో పెత్తనం మనది. ఆపుతాం, ముందుకు తోస్తాం, ఫోను మోగితే లేచి వెళ్తాం. హాల్లో రెండున్నర గంటలు సినిమాదే పెత్తనం. తెలుగు సినిమా తన కట్టుబాటంతా ఆ నమ్మకం మీదే కట్టుకుంది. మన రచయితలు ముందు ఇంటర్వెల్ ఎక్కడ పడాలో తేల్చుకుని, అక్కడినుంచి కథను వెనక్కీ ముందుకీ అల్లుతారు. హీరో అడుగుపెట్టాక మాట వెంటనే రాదు. ఈలలు సద్దుమణగడానికి కాస్త జాగా వదులుతారు. అదే సన్నివేశం ఇంట్లో చూస్తే ఆ జాగా ఖాళీగా కనిపిస్తుంది, నటుడు ఊరికే నిలబడినట్టు ఉంటుంది. నవ్వులూ అంతే. మనకు అంతగా తగలని మాటకు వెనక వరసలో ఎవరో పగలబడి నవ్వితే మనమూ నవ్వుతాం. ఏడుపు సంగతి ఇంకా చిత్రం. సొంత పిల్లల ముందు కళ్లు తుడుచుకోవడానికి మొహమాటపడే మగవాడు, ముక్కూమొహం తెలియని మూడొందల మంది మధ్య చీకట్లో హాయిగా ఏడుస్తాడు.

ఇంట్లో చూడటం వల్ల హాలుకు జనం తగ్గుతారన్న మాటలోనూ సగమే నిజముంది. 2010లో థియేటర్లలో నిలబడలేకపోయిన ‘ఖలేజా’ను టీవీ పెంచి పెద్ద చేసింది. 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే హాళ్లు కిటకిటలాడాయి. వచ్చినవాళ్లలో చాలామందికి ఆ మాటలు కంఠతా వచ్చు. తమలాగే కంఠతా వచ్చినవాళ్ల పక్కన కూర్చోవాలని వచ్చారు. ‘ఆర్ఆర్ఆర్’నూ చాలామంది అమెరికన్లు ఇంట్లోనే, 2022 మేలో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చాక, మొదటిసారి చూశారు. 2023 జనవరిలో హాలీవుడ్ చైనీస్ థియేటర్లో ‘నాటు నాటు’ వస్తుంటే తెర ముందుకెళ్లి గంతులేశారు. ఇష్టం ఇంట్లో పుట్టింది; దాన్ని పంచుకోవడానికి హాలు కావాల్సి వచ్చింది.

మరి హాలుకు దెబ్బ ఎక్కడ తగులుతోంది? రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 2024 మే 17 నుంచి తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు తమంతట తాము పది రోజులు మూసుకున్నాయి. ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద సినిమా లేకపోవడం కారణాలు. కరెంటు ఖర్చు కూడా రాని ఆటలు ఎందుకన్నారు యజమానులు. అదే ఏడాది డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ముందస్తు ఆటలకు టికెట్టు మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. ఆ రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని హాలు దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో ఆసుపత్రి పాలయ్యాడు. ఒకప్పుడు ఎవరూ రాని ఖాళీ, ఇంకొకప్పుడు ఊపిరాడని రద్దీ. జాతర రోజున తప్ప తలుపు తీయని గుడిలా హాలు మారిపోతోంది. మధ్యలో ఉండాల్సిన మామూలు రోజు మాయమైంది.

సినిమా చూసే అలవాటు పుట్టింది ఆ మామూలు రోజునే. క్లాసు ఎగ్గొట్టిన కుర్రాళ్లు, కూర్చుని మాట్లాడుకోవడానికి చోటులేని కొత్త జంట, సంతకు వచ్చి బస్సుకు ఇంకా టైముందని లోపలికి దూరిన రైతు, మంగళవారం మ్యాట్నీ వీళ్లది. నేల టికెట్టు కొన్నవాడికీ బాల్కనీలో కూర్చున్నవాడికీ ఒకే జోకు ఒకే క్షణంలో అందేది. నలుగురున్న కుటుంబం టికెట్లూ పాప్‌కార్నూ పార్కింగూ లెక్కేసుకుని, ఏడాదికి రెండు మూడు పెద్ద సినిమాలే హాల్లో చూద్దామని తీర్మానించుకుంటే తప్పు వాళ్లది కాదు. బద్ధకం అని వాళ్లను తిట్టడం తేలిక. హాలును పండగ సరుకుగా మార్చినవాళ్లను అడగడమే కష్టం.

చేయగలిగినవి లేకపోలేదు. 2025 వేసవిలో ఎగ్జిబిటర్లు అద్దె పద్ధతి వద్దు, వసూళ్లలో వాటా కావాలని గట్టిగా పట్టుబట్టారు. వాళ్ల లాభం మాట పక్కన పెట్టినా ఆ కోరికలో సినిమాకు మేలుంది. హాలుకు ఇంత అని అద్దె కట్టాల్సినప్పుడు, నెమ్మదిగా పుంజుకునే సినిమాను పంపిణీదారు నాలుగు రోజుల్లోనే ఎత్తేస్తాడు. వాటా అయితే రెండో వారం దాకా ఓపిక పట్టే వీలుంటుంది, నోటిమాట పాకడానికి ఆ వ్యవధి చాలు. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతమే. కనీసం సోమవారం నుంచి గురువారం దాకా ఆ వంద గీత కింద ఆటలు నడపడం వ్యాపారంగానూ ఆలోచించదగ్గది. ఖాళీ కుర్చీ మీద వచ్చే ఆదాయం ఎలాగూ సున్నా.

పెద్ద సినిమాకు టికెట్టు ఎంత పెంచుకోవచ్చో చెప్పే జీవోలు విడుదలకు ముందు ఆగమేఘాల మీద వస్తున్నాయి. ఎంతకు తగ్గిస్తే మామూలు మధ్యాహ్నం మనుషులు వస్తారో తేల్చుకోవడానికి ఏ జీవో అక్కర్లేదు. ఆ లెక్క హాళ్ల యజమానులు, నిర్మాతలు కలిసి కూర్చుని వేయాలి, ముందు జిల్లా కేంద్రాల్లోని సింగిల్ స్క్రీన్లలో వేయాలి, మూడు నెలలు నష్టమొచ్చినా ఓర్చుకుని వేయాలి.