చెరువులో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్: ఉన్నదో లేదో తేల్చవలసినదెవరు?

వేసవిలో చెరువు అడుగంటి, బొచ్చె, శీలావతి, ఎర్రమోసులతో పాటు మీసాలున్న పెద్ద చేప ఒకటి వలలో పడితే గట్టుమీద వాదన మొదలవుతుంది. అది మార్పు అని ఒకరు, నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అని మరొకరు అంటారు. చివరకు దానిని అమ్మివేస్తారు, లేదా పారవేస్తారు. ఆ చెరువులో ఆ జాతి ఉన్నదో లేదో ఏ రికార్డులోనూ నమోదు కాదు. అన్యదేశ చేపల నియంత్రణలో ప్రధాన లోపం ఇదే.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ (క్లేరియస్ గేరిపైనస్) 1990వ దశకంలో అనుమతి లేకుండా దేశంలోకి ప్రవేశించింది. అదనపు శ్వాసాంగం ఉండుటచే ప్రాణవాయువు తక్కువైన మురికినీటిలోనూ ఇది జీవించగలదు. కబేళా వ్యర్థాలతో సైతం వేగంగా పెరుగుతుంది. చిన్న చేపలు, కప్పలు, నత్తలు, పురుగులు అన్నీ దీనికి ఆహారమే. తడినేలపై పాకి ఒక గుంట నుండి మరొక గుంటకు చేరగలదు. కేంద్ర ప్రభుత్వం దీని పెంపకాన్ని నిషేధించి రెండు దశాబ్దాలు దాటింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా దీనిపై ఆదేశాలిచ్చింది. అయినను చాటుమాటు పెంపకం ఆగలేదు.

ఒక చెరువులో ఈ చేప 'ఉన్నది' అన్న మాటకు మూడు అర్థాలున్నాయి. వరదలో కొట్టుకువచ్చిన ఒకటి రెండు చేపలు ఉండుట ఒకటి. అవి ఏళ్ల తరబడి బ్రతికి పెరుగుట రెండవది. అక్కడే గుడ్లు పెట్టి సంతతిని వృద్ధి చేసుకొనుట మూడవది. మొదటి దశలో వేసవి వలలతోనే వాటిని ఏరివేయవచ్చు. మూడవ దశకు చేరిన తరువాత నిర్మూలన దాదాపు అసాధ్యం. కనుక ఏ దశలో ఉన్నదో తెలియకుండా తీసుకొనే చర్య గురి చూడక విసిరిన వల వంటిదే.

పొరపాటున 'ఉన్నది' అన్నా నష్టమే. దేశీయమైన మార్పు చేప ఇప్పటికే తగ్గిపోతున్నది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి (ఐ.యు.సి.ఎన్.) దానిని అంతరించే ప్రమాదమున్న జాతులలో చేర్చింది. ఆఫ్రికన్ చేపగా భ్రమించి మార్పును చంపివేస్తే రక్షించవలసిన జాతికే కీడు జరుగుతుంది. మీటరు పొడవు పెరిగిన చేపను గుర్తించుట సులభమే. పిల్లల దశలోను, రెండు జాతుల సంకరంలోను కంటిచూపు చాలదు. తల వెనుక ఎముక ఆకారాన్ని, మొప్పల దంతికల సంఖ్యను పరిశీలించాలి. అవసరమైతే డి.ఎన్.ఎ. పరీక్ష చేయించాలి.

ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో అమెరికాలోని చెసాపీక్ అఖాతం అనుభవం తెలుపుతున్నది. మిసిసిపి పరీవాహకానికి చెందిన బ్లూ క్యాట్‌ఫిష్‌ను 1970, 80 దశకాలలో గాలపు వేట వినోదానికై వర్జీనియా నదులలో వదిలారు. అవి మంచినీటికే పరిమితమవుతాయని తలచారు. కాని కొంత ఉప్పునీటిని తట్టుకొని అఖాతంలో కలిసే ప్రధాన నదులన్నిటా విస్తరించాయి. అక్కడి జాలరుల జీవనాధారమైన నీలి పీతలను కూడా అవి తింటున్నాయి. నేడు వాటిని పట్టి ఆహారంగా వినియోగించుటే నియంత్రణ మార్గంగా మిగిలింది.

తెలుగు నేలపై విస్తరణకు మార్గాలు ఇంకా సులభం. తెలంగాణలోని గొలుసుకట్టు చెరువులలో ఒకటి అలుగు పారితే నీటితో పాటు చేపలూ దిగువ చెరువుకు చేరుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరులో వరద వచ్చినపుడు చేపల చెరువులకు, సరస్సుకు మధ్య గట్లు నిలువవు. పైచెరువులో నేడు కనబడిన చేప రేపు క్రింది చెరువుల సమస్య అవుతుంది.

ముందుగా చేపలను నిర్మూలించాలి, లెక్కలు తరువాత చూడవచ్చునని కొందరు వాదిస్తారు. అక్రమ పెంపకపు చెరువుల విషయంలో ఆ వాదన సరియైనదే. సహజ జలాలలో మాత్రం ఎక్కడ ఉన్నదో తెలియనిదే నిర్మూలన సాధ్యం కాదు. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసేది మత్స్యకారునికే. కేసు పడుతుందనో, తన సరుకంతా కొనరనో భయమున్నంతవరకు అతడు నోరు విప్పడు. వలలో పడిన చేపను అప్పగించిన వానిపై చర్య ఉండదన్న హామీ, దాని బరువుకు తగిన పరిహారం ఇవ్వాలి. నిషేధపు కాఠిన్యం దొంగచాటుగా పెంచేవారిపైన, పిల్లలను అమ్మేవారిపైన ఉండాలి.

ప్రతి మత్స్య సహకార సంఘంలో ఒక నమోదు పుస్తకం ఉంచి తేదీ, చెరువు పేరు, చేప పొడవు, బరువు, ఫోటో అందులో చేర్చవచ్చు. పొట్టలో గుడ్లున్నవో లేవో కూడా వ్రాస్తే సంతానోత్పత్తి జరుగుతున్నదనుటకు తొలి సూచన లభిస్తుంది. అనుమానిత నమూనాలను మత్స్య కళాశాలలు, కృషి విజ్ఞాన కేంద్రాలు పరీక్షించి ఫలితాన్ని సంఘానికి తెలియజేయాలి. తెలంగాణలో 2016-17 నుండి సాగుతున్న ఉచిత చేపపిల్లల పంపిణీలో సంఖ్యతో పాటు జాతిని కూడా చెరువు గట్టుననే సరిచూసి వ్రాసుకోవాలి.

ఇందుకు పెద్ద యంత్రాంగం అక్కరలేదు. చెరువు నిండకముందే తెలిసిన సంగతికి విలువ ఉన్నది. అలుగు పారిన తరువాత తెలిసినా ప్రయోజనం స్వల్పమే.