దీపం చెప్పేదొకటి, మేస్త్రీ వినేదొకటి

డాక్టరు దగ్గరికి వెళ్లి "జ్వరంగా ఉందండీ" అన్నామనుకోండి. ఆయన నాడి పట్టకుండా, నాలుక చూడకుండా, "మీ థర్మామీటరు చెడిపోయింది, కొత్తది కొనుక్కోండి" అని చీటీ రాసిచ్చాడనుకోండి. మనమేం చేస్తాం? ఆ డాక్టరుకే ఏదో అయిందని భయపడి, చెప్పులేసుకుని బయటపడతాం. కాని సరిగ్గా ఇదే వైద్యం మన కార్లకు రోజూ జరుగుతోంది. మనం బిల్లు కట్టి, పైగా థాంక్స్ కూడా చెప్పి వస్తున్నాం!

నల్లగొండలో హైదరాబాదు రోడ్డు మీది షెడ్డయినా, జడ్చర్ల చౌరస్తా దగ్గరి షెడ్డయినా కథ ఒక్కటే. పదేళ్లు దాటిన కారు. స్టీరింగు వెనక పసుప్పచ్చటి ఇంజను బొమ్మ వెలుగుతుంది. షెడ్డు కుర్రవాడు అరచేతిలో ఇమిడే యంత్రమొకటి తెచ్చి స్టీరింగు కింది సాకెట్టులో గుచ్చుతాడు. తెర మీద ఒక అక్షరం, నాలుగు అంకెలు. "ఆక్సిజన్ సెన్సార్ పోయింది మేడం. కొత్తది ఎయ్యాలె. ఏడువేలైతది." అంతే. బానెట్ ఎత్తి చూసిన పాపాన పోడు. ఏడువేలు పోస్తాం. దీపం ఆరుతుంది. వారం తిరక్కుండా దేవరకొండ పోయే దారిలో మళ్లీ వెలుగుతుంది. ఈసారి, "ఇంకో సెన్సార్ గూడ పోయినట్టుంది మేడం" అంటాడు.

దీన్ని రిపేరు అనడానికి నాకు నోరు రావడం లేదు. ఇది జూదం. ఆడేది అతను, డబ్బు మనది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

ఇంతకీ ఆ అంకెలేమిటి? అమెరికాలో 1996 మోడళ్ల నుంచి కార్లన్నిటికీ ఒకే రకం సాకెట్టు, ఒకే రకం కోడ్‌లు ఉండాలని నియమం పెట్టారు. మన దేశంలో భారత్ స్టేజ్ 4 కార్లతో 2010 ఏప్రిల్‌లో ఈ ఏర్పాటు మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. అసలు ఇది పుట్టింది పొగ కోసం. పొగగొట్టంలోంచి విషవాయువులు హద్దు మీరుతున్నాయా అని కనిపెట్టి డ్రైవరును హెచ్చరించడం దాని పని. ఏ సామాను మార్చాలో చెప్పడానికి దాన్నెవరూ పెట్టలేదు. కోడ్‌లో మొదట "పి" ఉంటే ఇంజను, గేర్ల వైపు గొడవ అని అర్థం. దాని పక్కన సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడి భాష. ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత భాష. చవకరకం యంత్రాలు చాలాసార్లు దాన్ని సరిగా చదవలేవు కూడాను.

ఒక్క కోడ్ చూద్దాం. పి 0171. "ఇంజనులోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ పోతోంది" అని దాని అర్థం. ఈ సంగతి కనిపెట్టేది పొగగొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సార్. చారులో ఉప్పు తక్కువైందని నాలుక చెబితే మనమేం చేస్తాం? నీళ్లెక్కువ పోశామా, ఉప్పు వేయడం మరిచామా, కల్లుప్పు ఇంకా కరగలేదా అని చూస్తాం. నాలుకను మార్చుకోం గదా!

గాలి ఎక్కువైందంటే కారణాలు సవాలక్ష. ఇంజను పక్కన సన్నటి రబ్బరు గొట్టమొకటి ఎండకు పగిలి దొంగచాటుగా గాలి పీలుస్తుండవచ్చు. పెట్రోలు పంపు నీరసించవచ్చు. పొగగొట్టానికే సన్నటి చిల్లు పడి బయటి గాలి లోపలికి చొరబడవచ్చు. అన్నిటికన్నా చిత్రం, ఒక స్పార్క్ ప్లగ్గు సరిగా మండించకపోయినా కాలని ఆక్సిజన్ అలాగే బయటికొస్తుంది. దాన్ని చూసి సెన్సార్ "గాలి ఎక్కువ" అనే అంటుంది. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కనుక కంప్యూటరు ఇంధనం కాస్త ఎక్కువగా పోయవలసి వస్తుంది. అంతకుముందే గొట్టం పగిలి అవస్థ పడుతున్న పాత కారుకు ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇన్ని కారణాల్లో సెన్సార్ నేరం ఎంత? అది దూత. చూసింది చూసినట్టు చెప్పింది. దూతను చంపడం ధర్మం కాదని విభీషణుడు చెబితే చంపడం మాని, తోకకు మాత్రం నిప్పు పెట్టించిన రావణుడి లంక ఏమైందో మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఇంకో తమాషా వినండి. మే నెలలో, పాలమూరు ఎండ మాడు పగలగొడుతున్నప్పుడు, ఇంజనులోకి పోయే గాలి మైనస్ 40 డిగ్రీల చల్లగా ఉందని కారు కంప్యూటరు నమ్ముతుంది! హిమాలయాల్లో కూడా ఎప్పుడో గాని ఉండని చలి. తెర మీద పి 0113 అని కోడ్. వెంటనే "ఉష్ణోగ్రత సెన్సార్ పోయింది" అని తీర్పు. నిజానికి ఆ సెన్సార్‌కు వెళ్లే తీగ ఎక్కడో తెగినా కంప్యూటరుకు అలాగే తోస్తుంది. తీగ తెంపింది ఎవరు? వానాకాలం వెచ్చదనం కోసం బానెట్ కింద కాపురం పెట్టిన ఎలుక. సెన్సార్ ప్లగ్గు ఊడదీసి, తీగల వైపున్న రెండు కొసలూ ఒక్క క్షణం కలిపితే యంత్రం తెర మీద అంకె మైనస్ 40 నుంచి ఒక్కసారిగా పైకెగరాలి. ఎగిరితే తీగలు బాగున్నట్టు, సెన్సార్‌ను అనుమానించవచ్చు. ఎగరకపోతే తీగలో తెగుడు వెతకాలి. రెండు నిమిషాల పని! ఈ రెండు నిమిషాలకు ఓపిక లేక మనచేత వేలు ఖర్చు పెట్టిస్తున్నారు.

బ్యాటరీ సంగతి మరీ అన్యాయం. బ్యాటరీ నీరసించినా, దాని కొసలకు చిలుము పట్టినా, ఎర్త్ తీగ వదులైనా, స్టార్టు చేసే క్షణంలో కంప్యూటరుకు కరెంటు చాలదు. అప్పుడది ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు రాసి పెట్టుకుంటుంది. నాలుగు కోడ్‌లకు నాలుగు సామాన్లు అని లెక్క కట్టిన మహానుభావులున్నారు. కారు కదలకుండా ఉన్నప్పుడు మంచి బ్యాటరీలో 12.6 వోల్టులు, ఇంజను తిరుగుతున్నప్పుడు 14 వోల్టుల దరిదాపు ఉండాలి. కొలిచే మీటరు ఖరీదు కొన్ని వందలు.

నల్లగొండ జిల్లావాళ్లకు ఈ పాఠం నేను కొత్తగా చెప్పాలా? ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసి, నడుములు వంగిన తరాలను చూసిన నేల ఇది. మోకాలు నొప్పి అంటే నొప్పి బిళ్ల మింగడం, మళ్లీ అదే బావి నీళ్లు తాగడం! నొప్పి మోకాల్లో ఉంది, రోగం నీళ్లలో ఉంది. నాగపూరులోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం వాడి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని తయారు చేస్తే, దానికి ప్రపంచమంతటా "నల్లగొండ టెక్నిక్" అనే పేరే నిలిచింది. వాళ్లు నొప్పి వెనక్కి నడిచి నీళ్ల దాకా వెళ్లారు. మన మేస్త్రీలు కోడ్ వెనక్కి నాలుగడుగులు నడిచి గొట్టం దాకా వెళ్లలేరా?

మేస్త్రీల మాట కూడా వినాలి. "సామాను మారిస్తే పైసలిస్తరు గని, గంటసేపు ఎతికితే ఎవరిస్తరమ్మా?" అంటారు. ఇందులో నిజముంది. కళ్లకు కనిపించే డబ్బాకు డబ్బిస్తాం. బుర్ర ఖర్చు పెడితే బేరమాడతాం. చాలా కార్ల వైరింగు పటాలు చిన్న షెడ్డులకు దొరకవు కూడా. ఒప్పుకుంటాను. కాని ఆ కష్టానికి మందు, వెతికినందుకు ఇంత అని చెప్పి తీసుకోవడం. వెతక్కుండానే వెతికినట్టు బిల్లు రాయడం ఆ కష్టానికి మందెలా అవుతుంది?

ఆడవాళ్లం వెళ్తే ఈ జూదానికి పందెం ఇంకా పెరుగుతుంది. "ఎందుకు మారుస్తున్నారు?" అని అడిగితే, "మీకు సమజ్ గాదు మేడం, సార్‌ను రమ్మనుండ్రి" అంటారు. ఉద్యోగానికి మిర్యాలగూడ దాకా రోజూ కారు నడిపేది ఆమె, కంతులు కట్టేది ఆమె, సమజ్ అయ్యేది మాత్రం సారుకా? పాలు విరిగితే గిన్నె తప్పా, పాల తప్పా, ఎండ తప్పా అని క్షణంలో తేల్చే బుద్ధికి, కారణం అడిగే హక్కు లేదా?

అందుకని, అమ్మా, రేపు షెడ్డుకు వెళ్తే నాలుగు మాటలు అడగండి. కోడ్ అంకెలు కాగితం మీద రాసివ్వమనండి. ఆ కోడ్ పడ్డ క్షణంలో ఇంజను వేడి, వేగం ఎంతో కంప్యూటరు దాచుకుంటుంది. చెరిపేసే ముందు అవి చూడమనండి. బ్యాటరీ, తీగలు, గొట్టాలు ముందు పరీక్షించమనండి. సామాను మార్చాలంటే, అది చెడిందని ఏ పరీక్షతో తెలిసిందో చెప్పమనండి. వెతికిన గంటకు కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఊరికే కోడ్ చెరిపి "అయిపోయింది" అంటే మాత్రం కదలకండి. కారణం ఉన్నంతకాలం ఆ దీపం మళ్లీ వస్తుంది. దీపం స్థిరంగా వెలుగుతుంటే వీలైనంత త్వరగా చూపించుకోవచ్చు. గబగబా ఆరుతూ వెలుగుతుంటే మాత్రం ఇంజను సరిగా మండటం లేదని అర్థం. కారు పక్కకు తీసి ఆపండి. అలాగే నడిపితే పొగను శుద్ధి చేసే కన్వర్టర్ పాడవుతుంది. ప్లాటినం, పల్లాడియం వంటి లోహాలున్న సామాను అది. దాని ధర వింటే గుండె ఆగుతుంది.

ఇక బిల్లు వచ్చినప్పుడు పైనుంచి కింది దాకా చదవండి. "పరీక్ష" అనే పద్దు లేని బిల్లులో "సామాను" అనే పద్దుకు డబ్బివ్వకండి.