ఒక్క లీటరునకు వేర్వేఱు వెలలు

గోదావరి కావల నీవల నుండు మన జిల్లాలవారికి యానాము పేరు వినగానే నేడు మొదట జ్ఞప్తికి వచ్చునది ఫ్రెంచివారి చరిత్ర కాదు, పెట్రోలు బంకు. 1954వ సంవత్సరము వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, పిమ్మట భారతదేశమున గలసి, పుదుచ్చేరి ప్రభుత్వము క్రిందనున్న యీ చిన్న పట్టణమునకు చుట్టును ఆంధ్రప్రదేశమే. అచ్చటివారి భాష తెలుగే. కూడును గుడ్డయు పండుగలును మనవే. అయినను ఇటీవలి సంవత్సరములలో లీటరు పెట్రోలు అచ్చట మన బంకులలోకంటె పది రూపాయలకు మించి చవుకగా దొరకుచున్నది. సరిహద్దు దాటిన వెంటనే బంకులు వరుసగా నుండుటయు, వానియొద్ద మన జిల్లాల బండ్లు బారులు తీరుటయు చూచినవారికి వింత గాదు.

ఇట్లేల యని యడిగిన, చాలమంది చెప్పు సమాధానము రవాణా ఖర్చు. చమురు దూరమునుండి వచ్చును గావున దూరపు టూళ్లలో వెల హెచ్చునని వారి భావము. వినుటకు బాగుగనే యున్నది గాని, ఈ సమాధానము పరీక్షకు నిలువదు. యానామున చమురుశుద్ధి కర్మాగార మేదియు లేదు. విశాఖపట్టణమున 1957 మొదలు పెద్ద కర్మాగారమొకటి నడచుచున్నది. కోనసీమలోని తాటిపాకలో చిన్నది గలదు. చమురును శుద్ధిచేయు విశాఖపట్టణమువాడు సముద్రమునకు వందల మైళ్ల దూరమందున్న ఢిల్లీవానికంటె హెచ్చు వెల నిచ్చి పెట్రోలు కొనుచున్నాడు. 2024 మార్చి 15వ తేదీని దేశమంతట లీటరునకు రెండేసి రూపాయలు తగ్గించిన నాటి వెలలు చూడుడు: ఢిల్లీలో 94.72, చెన్నపట్టణమున 100.75, బొంబాయిలో 104.21, హైదరాబాదున 107.41. బ్రదుకుట కెల్ల నగరములకంటె ఖరీదైనదని పేరు మోసిన బొంబాయికంటె హైదరాబాదున పెట్రోలు ప్రియము!

కారణము పన్ను. కేంద్రప్రభుత్వము విధించు ఎక్సైజు సుంకము దేశమంతట నొక్కటే. లీటరున కిన్ని రూపాయలని కట్టివేసినది. దానిపై రాష్ట్రప్రభుత్వము విధించు విలువ ఆధారిత పన్ను, అనగా వ్యాటు, రాష్ట్రమునకు రాష్ట్రమునకు వేఱు. 2024 నాటికి పెట్రోలుమీద తెలంగాణములో నూటికి 35.20 వంతున నుండెను. ఆంధ్రప్రదేశమున నూటికి 31, దానిపై లీటరునకు 4 రూపాయలు, రోడ్డు సుంకము మఱియొక రూపాయి. పుదుచ్చేరి ప్రభుత్వము విధించునది వీనిలో సగమునకు అటునిటు. యానాము చవుకకు మర్మ మింతియే.

ఇందు గమనింపవలసిన సంగతి మఱియొకటి గలదు. నూటి కింత యని వేయు పన్ను వెలతోపాటు తానును పెరుగును. పన్నుకు ముందు లీటరు వెల పది రూపాయలు హెచ్చిన, తెలంగాణములోని వాడు 13 రూపాయల 52 పైసలు హెచ్చుగా నీయవలసి వచ్చును. కేంద్రసుంకమును గలిపిన మొత్తముపైననే యీ పన్ను వేయుదురు గనుక, పన్నుమీద పన్ను నిచ్చుట యగుచున్నది. మా తరగతిలో శాతముల లెక్కలు చేయించునపుడు పాఠ్యపుస్తకములోని మామిడిపండ్ల వ్యాపారికంటె ఈ లెక్కయే మేలని మా యనుభవము. పిల్లలు దీని నింటికి గొనిపోయి తండ్రులతో వాదింతురు.

పెట్రోలు వెల మోటారువారి గొడవ గదా, నడచి పోవువారి కేమి యనువారు గలరు. ఈ మాటతో మే మేకీభవింపము. రెండుచక్రముల బండిమీద పనికి బోవు తాపీమేస్త్రి నేడు విలాసపురుషుడు కాడు. అతడు నెలకు 25 లీటర్లు వాడునేని, పై చెప్పిన నాటి వెలలనుబట్టి హైదరాబాదునకును ఢిల్లీకిని గల భేదము నెలకు 317 రూపాయలు, ఏటికి 3,800 రూపాయలు పైమాట. ఒక బిడ్డ పుస్తకములకును బట్టలకును అది చాలును. ఇక డీసెలు సంగతి చెప్పనేల? పొలము దున్ను ట్రాక్టరు, వలవేయు పడవ, మదనపల్లె టమాటలు తెచ్చు లారీ, అన్నియు దానిమీదనే నడచును. బండి యెక్కనివాడును కూరలబుట్టలో నా పన్ను చెల్లించుచునే యున్నాడు. ఉద్యోగులకు ఊరినిబట్టి ఇంటియద్దె భత్య మిచ్చు ఏర్పాటు గలదు. 2024 జనవరినుండి కేంద్రోద్యోగులకు హైదరాబాదువంటి నగరములలో మూలవేతనముపై నూటికి 30, విజయవాడ గుంటూరులవంటి పట్టణములలో 20, తక్కిన యూళ్లలో 10. కాని కూలివానికి భత్య మెవ్వరిత్తురు? పన్ను హెచ్చైన రాష్ట్రమున బుట్టుటయే అతని నేరము.

రాష్ట్రప్రభుత్వముల పక్షమునను న్యాయము లేకపోలేదు. 2017 జూలై 1వ తేదీని వస్తుసేవల పన్ను వచ్చినపిదప రాష్ట్రములు తమంతట దాము రేటు నిర్ణయించుకొనదగిన పెద్ద పన్నులు మిగిలినవి స్వల్పము. అందు పెట్రోలు, డీసెలు, మద్యము ముఖ్యములు. ఆసుపత్రులు, బడులు, పింఛనులు నడుచుట కేదో యొక చోటునుండి ధనము రావలయును గదా. 2021 నవంబరులో కేంద్రము సుంకమును తగ్గించినపుడు పెక్కు రాష్ట్రములు తమ పన్నును గూడ తగ్గించెను; మన రెండు తెలుగు రాష్ట్రములు తగ్గింపలేదు. అంతకు ముందే, అదే సంవత్సరము సెప్టెంబరులో లక్నోలో గూడిన వస్తుసేవల పన్ను మండలి పెట్రోలును ఆ పన్ను క్రిందికి దెచ్చుటకు సమయము రాలేదని తీర్మానించెను.

ఒక్క పన్నైనచో వెలలన్నియు సమానమగునని భ్రమపడరాదు. వంటగ్యాసు వస్తుసేవల పన్ను క్రిందనే యున్నది. అయినను 2024 మార్చిలో గ్యాసుబండ ఢిల్లీలో 803 రూపాయలు, హైదరాబాదున 855 రూపాయలు. ఇచ్చట రవాణామాట చాలవఱకు నిజము. రవాణా భేదమును గూడ తుడిచివేయవలయునని మేము కోరము. 1950 తరువాతి దశకములలో ఉక్కును దేశమంతట నొక్కవెల కమ్మించు పద్ధతి నడచెను. దానివలన గనులున్న బీహారు, ఒరిస్సా ప్రాంతములు తమ సహజలాభమును గోల్పోయెనని ఆర్థికవేత్తలు నేటికిని ఎత్తిచూపుదురు. దూరమువలన వచ్చు భేదము సహింపదగినది. గీతవలన వచ్చు భేదము వేఱు.

యానామునకు బోయి పెట్రోలు పోయించుకొనుట తప్పా యని మా విద్యార్థు లడుగుదురు. తన బండితొట్టిలో తన వాడుకకు పోయించుకొనువానిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. పీపాలతో దెచ్చి ఊరిలో నమ్ముట వేఱు. అది చట్టవిరుద్ధమే గాక, అగ్గితో చెలగాటము.

పన్ను శాతము గాక లీటరునకు నిర్ణీతమైన రూపాయలుగా నుండుట మేలని మా యభిప్రాయము. అట్లైన చమురు వెల పెరిగినపుడు ఖజానాకు నష్టము లేదు. ప్రజలపై రెట్టింపు బరువు పడదు. వెల తగ్గినపుడు ప్రభుత్వపు రాబడి కుంగదు. ఇది పెద్దలు చేయవలసిన పని. అంతవఱకు చేయదగిన చిన్నపని యొకటి గలదు. బట్టలకొట్టులో నిచ్చు బిల్లుమీద కేంద్రపు పన్నెంతయో, రాష్ట్రపు పన్నెంతయో విడివిడిగా నచ్చువేయుదురు. బంకులో నిచ్చు చీటిమీద లీటర్లును మొత్తమును తప్ప పన్ను వివరము కానరాదు. ఆ చీటిమీదను రెండు పంక్తులు చేర్చుటకు సిరా తప్ప వేఱు ఖర్చు లేదు.