ఎండకు పన్ను వద్దు! పేదింటి వేసవి కరెంటు బిల్లుకు సర్కారు సాయం చేయాలి

అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల ప్రజలారా!

శివరాత్రి దాటిందంటే మన సీమలో ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం మనకు మామూలే. రేకుల ఇంట్లో మధ్యాహ్నం కూర్చోలేం. బండల మిద్దె పగలంతా కాగి రాత్రంతా సెగ కక్కుతుంది. ఫ్యాను ఆపితే పసిపిల్లలకు నిద్ర ఉండదు, ముసలివాళ్లకు ప్రాణం నిలవదు. ఆ ఫ్యాను తిరిగినందుకు జూన్ దాకా వచ్చే బిల్లులు చూసి ఇంటి ఇల్లాలు గుండె పట్టుకుంటుంది. బయట చేలో పని ఉండదు. చెనక్కాయ పంట డబ్బులు ఎప్పుడో అప్పులకు జమ అయిపోయి ఉంటాయి. ఆదాయం అడుగంటిన నెలల్లోనే బిల్లు నెత్తికెక్కుతుంది.

ఈ భారంలో కొంత ప్రభుత్వం మోయాలని అడగడానికే ఈ కరపత్రం.

లెక్క చూడండి

2022-23 టారిఫ్ నుంచి ఇళ్లకు అమలవుతున్న రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4 రూపాయల 50 పైసలు, 225 దాకా 6 రూపాయలు. అది దాటితే 400 దాకా 8 రూపాయల 75 పైసలు.

చలికాలంలో 60 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ధర 147 రూపాయలు. అదే ఇంట్లో మే నెలలో రెండు ఫ్యాన్లు రోజుకు పదహారు గంటలు, కూలరు పది గంటలు తిరిగాయనుకోండి. లైట్లు, టీవీ, మిక్సీ కలిపితే 150 యూనిట్లు అవుతాయి. ధర 567 రూపాయలు. వాడకం రెండున్నర రెట్లు పెరిగింది, ధర దాదాపు నాలుగు రెట్లయింది. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం, సర్దుబాటు ఛార్జీ దీనికి అదనం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. చలికాలంలో సగం రోజు కూలితో తీరే బిల్లుకు వేసవిలో రెండు రోజులు గడ్డపార పట్టాలి, అదీ పని దొరికితే.

ఎక్కువ వాడేవాడు ఎక్కువ కట్టాలన్న శ్లాబుల సూత్రం మంచిదే. ఏసీల బంగళాకు అది సరిపోతుంది. కానీ 30 యూనిట్ల చవక శ్లాబంటే రోజుకు ఒక్క యూనిట్. 75 వాట్ల మామూలు ఫ్యాను పదమూడు గంటలు తిరిగితే ఆ యూనిట్ కాస్తా అయిపోతుంది, ఇంకా దీపం వెలిగించనే లేదు. డిసెంబరుకూ మే నెలకూ ఒకే శ్లాబు పెట్టి, పేదవాణ్ని ఎండాకాలంలో పెద్ద వాడకందారు కింద జమకట్టడం ఏ న్యాయం?

ఇతరులు ఏం చేస్తున్నారు?

చలి దేశాల్లో పేదింటిని కుంగదీసేది చలికాలపు బిల్లు. బ్రిటన్‌లో 1997 నుంచి వృద్ధులకు చలికాల ఇంధన సాయం ఇస్తున్నారు. చాలామందికి దరఖాస్తు లేకుండానే అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2024లో అక్కడి ప్రభుత్వం చాలామందికి దాన్ని తీసేసింది. జనం మండిపడ్డారు. మరుసటి ఏడే ఏటా 35 వేల పౌండ్ల లోపు ఆదాయం ఉన్న వృద్ధులకు తిరిగి ఇవ్వక తప్పలేదు. అమెరికాలో తక్కువ ఆదాయ కుటుంబాలకు ఇంధన సాయం 1981 నుంచి ఉంది. అది చలికి మాత్రమే కాదు, చాలా రాష్ట్రాల్లో వేసవి చల్లదనానికీ వర్తిస్తుంది. ఏ కాలం ప్రాణం తీస్తుందో ఆ కాలంలో ఆదుకోవడమే ఈ పథకాల నీతి. మనకు ప్రాణాల మీదికి వచ్చేది ఎండ.

అంత దూరం పోనక్కరలేదు. మడకశిర సరిహద్దు దాటితే పావగడ. అక్కడా మన తెలుగువాళ్లే, మన ఎండే. కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల పరిమితికి లోబడి ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇస్తున్నారు. మన రాష్ట్రంలోనూ ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల రాయితీ ఉంది. అది పోరాడి తెచ్చుకున్న హక్కు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. 2025 చేనేత దినోత్సవం నాడు మగ్గాలకు 200 యూనిట్లు, మరమగ్గాలకు 500 యూనిట్లు ఉచితమని ప్రభుత్వం ప్రకటించింది. ధర్మవరానికి అది మంచి మాట. కానీ మగ్గం లేని నేత కూలి, భూమి లేని బీసీ కుటుంబం, దూదేకుల ఇల్లు, కొడుకులు బెంగళూరుకు వలసపోగా ఊళ్లో మిగిలిన ముసలి దంపతులు ఈ జాబితాల్లో లేరు. రైతు బోరుకు కరెంటు ఉచితం. ఆ బోరు కింద కూలి చేసే మనిషి ఇంటి ఫ్యానుకు మాత్రం పూర్తి ధర.

కరెంటు పండేది మన నేల మీదే

రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు తిరిగాయి. ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు మెట్టల మీద ఈరోజు ఎటు చూసినా అవే. ఎన్.పి.కుంటలో ఎన్టీపీసీ సౌర విద్యుత్తు 2016లో మొదలైంది. తాడిపత్రి దగ్గర తలారిచెరువులో మరో సోలార్ పార్కు ఉంది. 2025 మేలో గుత్తి మండలం బేతపల్లిలో 22 వేల కోట్ల పునరుత్పాదక విద్యుత్ సముదాయానికి శంకుస్థాపన జరిగింది. వాన కురవని శాపమే కంపెనీలకు వరమైంది. ఎండనూ గాలినీ ఇచ్చిన ఊళ్లకు ఆ ఎండ నుంచి కాపాడుకునే పాటి కరెంటు అందుబాటు ధరకు దక్కాలి.

ఖజానాకు భారమా?

భారం ఎంతో మేమే చెబుతాం. మార్చి నుంచి జూన్ దాకా నెలకు మొదటి 100 యూనిట్లు ఉచితమైతే, ఒక ఇంటికి నెలకు 304 రూపాయల 50 పైసలు, నాలుగు నెలలకు 1,218 రూపాయలు. లక్ష ఇళ్లకు 12 కోట్ల 18 లక్షలు. ఇంధన ధరల సర్దుబాటు పేరుతో 2022-23కు 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు జనం నుంచి వసూలు చేసుకోవడానికి 2024 చివర్లో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్సీ) అనుమతించింది. ఏనాడో కాల్చిన కరెంటుకు ఈనాడు కట్టించారు. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు వెనక్కి ఇవ్వాలని అదే మండలి చెప్పింది, సంతోషం. వేల కోట్ల సర్దుబాటుకు దారి దొరికినప్పుడు ఈ సాయానికి దొరకదా?

కరెంటు పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, మునిగిపోతాయన్న మాటా వినిపిస్తుంది. విద్యుత్ చట్టం 2003లోని 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఏ వర్గానికైనా రాయితీ ఇస్తే ఆ సొమ్ము డిస్కంకు ముందుగానే చెల్లించాలి. ప్రభుత్వం ఆ బాధ్యత నెరవేర్చితే ఏ డిస్కమూ మునగదు. ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి ధర మార్చకూడదన్న నియమమూ లేదు. అదే చట్టంలోని 62(3) సెక్షన్ వాడకం మొత్తాన్ని, కరెంటు అవసరమయ్యే సమయాన్ని, ప్రాంతపు భౌగోళిక స్థితిని బట్టి తేడా చూపవచ్చని చెబుతోంది.

ఉచితమైతే వృథా చేస్తారని మూడో మాట. 100 యూనిట్ల తర్వాత ప్రతి యూనిట్‌కూ ధర కట్టాల్సిందే కాబట్టి పొదుపు మా అవసరమే. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను ఇస్తే ఇంకా మేలు. పై లెక్కలోని ఇంట్లో రెండు పాత ఫ్యాన్లు మారిస్తే నెలకు సుమారు 43 యూనిట్లు తగ్గుతాయి. 150 కాస్తా 107 అవుతుంది. ఉచితం పోను ధర కట్టాల్సింది 7 యూనిట్లకే.

మిద్దె మీద సోలార్ పెట్టుకోండి అంటారు కొందరు. సొంత పక్కా మిద్దె ఉన్నవాళ్లు పీఎం సూర్యఘర్ కింద పెట్టుకోవాలి, మంచిదే. రేకుల ఇంటివాళ్లు, అద్దె ఇంటివాళ్లు ఎక్కడ పెట్టుకుంటారు?

మా డిమాండ్లు

1. రైస్ కార్డు ఉన్న ప్రతి ఇంటికీ, కులం, వృత్తి చూడకుండా, మార్చి నుంచి జూన్ దాకా నెలకు మొదటి 100 యూనిట్లు ఉచితంగా ఇవ్వాలి. కరువు జిల్లాలైన అనంతపురం, శ్రీసత్యసాయిలతో మొదలుపెట్టాలి. ఇప్పుడున్న ఎస్సీ, ఎస్టీ రాయితీ యథాతథంగా కొనసాగాలి.

2. పరిమితి ఒక్క యూనిట్ దాటగానే మొత్తం బిల్లు కట్టమనే పద్ధతి వద్దు. దాటిన యూనిట్లకే ధర తీసుకోవాలి.

3. రాయితీ బిల్లులోనే తగ్గాలి. దీపం-2 గ్యాసులో లాగా ముందు కట్టి తర్వాత ఖాతాలో డబ్బు కోసం ఎదురుచూడమంటే, ముందు కట్టే డబ్బే లేని ఇంటికి సాయం అందదు.

4. ఈ నాలుగు నెలలు రైస్ కార్డు ఇళ్ల బిల్లులో సర్దుబాటు ఛార్జీలు వేయకూడదు. బకాయి ఉందని ఫీజు పీకకూడదు. జూలై నుంచి వాయిదాల్లో కట్టించుకోవాలి.

5. విద్యుత్ వాడకం సగటున నెలకు 300 యూనిట్లు దాటితే సంక్షేమ పథకాలకు అనర్హులన్న నిబంధనలో వేసవి నెలలను లెక్కించకూడదు. ఒకే మీటరు మీద రెండు మూడు కుటుంబాలు బతికే ఇళ్లను ఈ నిబంధన నుంచి తప్పించాలి.

6. అద్దె ఇళ్లవాళ్లకు వేరు మీటరు సులువుగా ఇవ్వాలి. పేదిళ్లకు పాత ఫ్యాన్ల బదులు బీఎల్‌డీసీ ఫ్యాన్లు సబ్సిడీపై, బిల్లులో చిన్న వాయిదాలతో ఇవ్వాలి.

మనం చేయాల్సింది

వేసవి బిల్లు చలికాలంలోనే ఖరారవుతుంది. డిస్కంలు నవంబరు ఆఖరుకు లెక్కలు దాఖలు చేస్తాయి. ఆపై కర్నూలులో ఉన్న ఏపీఈఆర్సీ అభ్యంతరాలు తీసుకుని బహిరంగ విచారణ జరుపుతుంది. ఏప్రిల్ 1 నుంచి కొత్త టారిఫ్ వస్తుంది. మే నెలలో సబ్‌స్టేషన్ ముందు ధర్నా చేస్తే పొద్దుపోయినట్టే.

కాబట్టి ప్రతి ఇల్లూ డిసెంబరు బిల్లు, మే బిల్లు దాచిపెట్టండి. రెండూ జెరాక్స్ తీసి, ఒక కాగితం మీద మీ అభ్యంతరం తెలుగులోనే రాసి ఏపీఈఆర్సీకి పంపండి. గ్రామసభలో తీర్మానం చేయించండి. బడ్జెట్ సమావేశాలకు ముందే మీ ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. బకాయి ఉందని ఎవరైనా ఫీజు పీకడానికి వస్తే, పదిహేను రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చారా అని అడగండి. విద్యుత్ చట్టంలోని 56వ సెక్షన్ మీకిచ్చిన హక్కు అది.

కరెంటు ఛార్జీల పెంపు మీద పోరాడుతూ 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలిచ్చారు. 2004లో ఉచిత వ్యవసాయ విద్యుత్తు మీద సంతకం పడింది ఆ పోరాటం తర్వాతే. అడగనిదే ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. కార్డు ఉన్న ప్రతి ఇల్లూ ఈ చలికాలంలో ఒక్క అభ్యంతర పత్రం పంపితే, వచ్చే వేసవి బిల్లు గురించి ప్రభుత్వం మనతో మాట్లాడక తప్పదు. రాయండి, సంతకాలు చేయండి, విచారణకు కదిలి రండి!