లెక్కకెక్కని చావులు, లెక్కకు మించిన గొప్పలు

2020 మార్చి, ఏప్రిల్ నెలల నాటి దినపత్రికలను ఒకసారి తిరగవేసి చూడండి. ప్రతిరోజూ ఒక పట్టిక కనిపిస్తుంది. ఒకవైపు దేశాల పేర్లు; వాటి కెదురుగా కోవిడ్ సోకినవారెందరు, చనిపోయినవారెందరు అనే అంకెలు. ఆ పట్టికను మనం క్రికెట్ స్కోరు చదివినట్టు చదివాం. ఇటలీ చితికిపోయిందన్నాం, జర్మనీ గట్టిదన్నాం, మనవాళ్ళ రక్తంలోనే ఏదో మహత్తు వుందన్నాం. పాలకులు తమ ఘనతనూ, వారిని గిట్టనివారు పాలకుల చేతగానితనాన్నీ అందులోంచే తీసి చూపారు. మన అభ్యుదయ మిత్రులు కూడా ఈ పనిలో వెనకబడలేదు. వారికి అందులో సోషలిస్టు వ్యవస్థ ఔన్నత్యం కనిపించింది. ఒకే సాక్షి ఇందరి పక్షాన ఇన్ని విధాలుగా సాక్ష్యం చెబుతున్నప్పుడు, ఆ సాక్షిని కాస్త గట్టిగా ప్రశ్నించవద్దా?

నేను చెప్పదలచింది ఇది: ఆ తొలినాళ్ళ పట్టిక ఏ దేశంలో జబ్బు ఎంత వుందో చెప్పలేదు. ఏ ప్రభుత్వం ఎవరిని వెతికిందో, ఎవరి చావును ఏ పేరుతో రాసుకుందో మాత్రమే చెప్పింది. ఈ తేడా తెలియకుండా దేశాలను పోల్చడం అశాస్త్రీయం. అంతకంటె ముఖ్యంగా, లెక్కించకుండా తప్పించుకున్న పాలకులకు అది మేలు చేస్తుంది.

మచ్చుకు ఇటలీ, జర్మనీలనే తీసుకుందాం. 2020 మార్చి నాలుగో వారంలో ఇటలీలో రోగులుగా తేలినవారిలో నూటికి పదిమంది చనిపోయినట్టు లెక్క తేలింది. అదే వారంలో జర్మనీలో నూటికి ఒక్కరైనా లేరు. ఆల్ప్స్ పర్వతాలు దాటగానే వైరస్ మెత్తబడిందా? ఇటలీ ఉత్తర ప్రాంతాల్లో ఆసుపత్రులు నిండిపోయి, జబ్బు ముదిరి వచ్చినవారికే ముఖ్యంగా పరీక్షలు జరిగాయి. వారిలో వృద్ధులెక్కువ. జర్మనీ మొదటినుంచీ విరివిగా పరీక్షలు చేసింది. అక్కడి తొలి రోగుల్లో చాలామంది మంచుకొండల మీద ఆటలకు వెళ్ళి వచ్చిన ఆరోగ్యవంతులు. పైగా జబ్బు పడినవాడు ఆ రోజే చనిపోడు. చావు కొన్ని వారాల వెనక వస్తుంది. ఆ వేసవికల్లా జర్మనీ అంకె కూడా నూటికి నాలుగు దాటింది. చిన్నప్పుడు బడిలో భిన్నాలు నేర్చుకున్నాం గదా! లవం చూసి ఏడ్చినవాళ్ళం, హారం ఎక్కడినుంచి వచ్చిందని అడగలేదు.

ఆ హారం సరిగా తెలిసిన సందర్భం ఒకటి అప్పటికే మన కళ్ళముందు వుంది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిపివేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది వున్నారు. దాదాపు అందరికీ పరీక్ష జరిగింది. 712 మందికి వైరస్ సోకినట్టు తేలింది. పరీక్షనాటికి వారిలో సుమారు సగంమందికి ఏ లక్షణమూ లేదు! వెతికితేనే రోగులు దొరుకుతారని ఆ ఓడ చెప్పింది. మన దేశం మార్చి నెలలో ఎవరిని వెతికింది? చాలావరకు విదేశాలనుంచి వచ్చినవారినీ, వారిని తాకినవారినీ. అటుపిమ్మట భారత వైద్య పరిశోధనా మండలి రక్తపరీక్షల సర్వే జరిపి, మే మొదటికే 64 లక్షల మందికి వైరస్ సోకి వుంటుందని అంచనా కట్టింది. అప్పటికి అధికారిక పట్టికలో వున్న రోగులు లక్షకు లోపే. ఆ చిన్న అంకెను పక్కదేశాల అంకెల పక్కన పెట్టి మనం మీసం మెలివేశాం.

"రోగుల లెక్క తప్పితే తప్పింది, శవం దాగదు గదా" అని కొందరు మిత్రులు వాదిస్తారు. శవం దాగకపోవచ్చు, చావుకు కారణం దాగుతుంది. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ చివరిదాకా రోజూ ప్రకటించే సంఖ్యలో వృద్ధాశ్రమాల్లో పోయినవారు లేరు. ఏప్రిల్ 29న వారిని చేర్చారు. ఆగస్టు 12న, పరీక్షలో తేలిన 28 రోజుల లోపు పోయినవారినే లెక్కించాలని నిబంధన పెట్టగానే ఐదువేలకు పైగా మరణాలు పట్టిక నుంచి తొలగిపోయాయి. చైనాలోని వుహాన్ ఏప్రిల్ 17న ఒక్కసారిగా 1,290 మరణాలను కలుపుకున్నది. పెరూ దేశం 2021 మే చివరలో లెక్కలు తిరగరాసి, 69 వేల మరణాలను లక్షా 80 వేలు చేసింది.

బెల్జియం సంగతి ఇంకా చిత్రమైనది. పరీక్ష జరగకపోయినా, కోవిడ్ అనుమానం వున్న వృద్ధాశ్రమ మరణాలన్నిటినీ ఆ దేశం మొదటినుంచీ లెక్కలో చేర్చింది. ఫలితమేమిటి? జనాభా ప్రకారం చావుల్లో ప్రపంచంలోకెల్లా ముందున్న దేశాల్లో ఒకటన్న అపఖ్యాతి మూటగట్టుకున్నది. నిజం చెప్పినవాడికే నింద! ఇది కొత్త కథ కాదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు "స్పానిష్" అని పేరు రావడానికి కారణం, యుద్ధంలో దిగిన దేశాలు తమ పత్రికల నోళ్ళు నొక్కితే, తటస్థంగా వున్న స్పెయిన్ పత్రికలు జబ్బు గురించి బాహాటంగా రాయడమే. ఆ జబ్బుకే బ్రిటిష్ పాలనలోని మన దేశంలో కోటిమందికి పైగా బలి అయ్యారు. దానికి మన పేరు పెట్టినవాడు లేడు. మనవాళ్ళను సరిగా లెక్కపెట్టినవాడూ లేడు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. పదిలక్షల జనాభాకు మరణాలు మాకే తక్కువ అని మన పాలకులు 2020 పొడుగునా చెప్పుకున్నారు. మన జనాభాలో యువకులెక్కువ, ఇటలీలో వృద్ధులెక్కువ అన్న మొదటి మాటే చెప్పలేదు. ఆ ఏడు దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నూటికి 23కు మించవన్న రెండో మాట అసలే చెప్పలేదు. తెలంగాణాలో, ఆసుపత్రుల్లో పోయినవారి శవాలకు పరీక్షలు జరపమని 2020 మేలో హైకోర్టు ఆదేశిస్తే, ప్రభుత్వం సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

చివరకు లెక్క బయటపడింది ఎక్కడ? నష్టపరిహారం దగ్గర. సుప్రీంకోర్టు జోక్యంతో కుటుంబానికి 50,000 రూపాయలు ఇవ్వవలసి వచ్చింది. 2022 జనవరి నాటికి తెలంగాణా అధికారిక మరణాలు 4,000కు లోపు. పరిహారం కోరుతూ వచ్చిన దరఖాస్తులు దాదాపు 29,000. ప్రభుత్వమే ఆమోదించినవి 15,000కు పైగా! ప్రగల్భాల కోసం ఒక లెక్క, పరిహారం కోసం మరొక లెక్క. భర్త చావుకు కారణం కాగితం మీదికి ఎక్కని స్త్రీకి ఈ చర్చ పండితుల కాలక్షేపం కాదు. కూలి చేసుకు బతికే ఇంటికి ఆ యాభైవేలు పిల్లవాడి చదువు కావచ్చు, షావుకారు అప్పు కావచ్చు.

ఇప్పుడు మన మిత్రులతో ఒక మాట. 2020 జూలై 31 దాకా వియత్నాంలో ఒక్క కోవిడ్ మరణమూ నమోదు కాలేదని మనం సభల్లో చెప్పాం. రోగి తిరిగిన ప్రతి చోటూ వెతికి, తాకినవారిని విడిగా వుంచిన ఆ దేశ ప్రజారోగ్య వ్యవస్థను మెచ్చుకోవలసిందే. కాని ఆ మెప్పును మనం పట్టికకు ముడివేశాం. 2021లో కొత్త రకం వైరస్ వచ్చి అక్కడ 30,000 మందికి పైగా చనిపోతే, సోషలిజం ఓడిందని ఒప్పుకుంటామా? కేరళ పాత మరణాలను తిరిగి పరిశీలించి వేల సంఖ్యలో చేర్చుకుని, మొత్తం మరణాల్లో మహారాష్ట్ర తర్వాతి స్థానానికి వచ్చింది. పట్టికే గీటురాయి అయితే కేరళను తప్పుపట్టాలి. లెక్కించడమే గీటురాయి అయితే, ఇతర ప్రభుత్వాలు నేర్చుకోవలసిన నిజాయితీ అది.

అయితే దేశాలను పోల్చనే కూడదా? అంకెలన్నీ మిథ్య అని చేతులు దులుపుకోవడం శాస్త్రీయ దృక్పథం కాదు. మామూలు సంవత్సరాల్లో ఎందరు పోయేవారు, ఆ ఏళ్ళలో ఎందరు పోయారు, ఏ వయసువారు పోయారు అని చూడాలి. వైద్యుడు ఏ కారణం రాసినా, రాయకపోయినా ఈ లెక్కకు అడ్డురాదు. ఆ పద్ధతినే అనుసరించి ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020, 2021 సంవత్సరాల్లో మన దేశంలో 47 లక్షల అదనపు మరణాలు జరిగాయని 2022 మేలో అంచనా కట్టింది. అధికారిక సంఖ్య 4 లక్షల 81 వేలు. ప్రభుత్వం ఆ పద్ధతే తప్పన్నది. మరి తన సొంత జనన మరణాల రిజిస్టరు ఏమన్నది? 2025లో బయటపెట్టిన ఆ లెక్కల్లో 2020లో నమోదైన మరణాలు 81 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. ఒక్క ఏడాదిలో 21 లక్షల పెరుగుదల! నమోదు మెరుగుపడినందువల్ల అందులో కొంత పెరిగి వుండవచ్చు. అంతా కోవిడే అని నేను అనను. కాని ఆ లెక్క బయటికి రావడానికి నాలుగేళ్ళు ఎందుకు పట్టిందని అడగక తప్పదు.

మహమ్మారి మళ్ళీ వస్తుంది. దానితోపాటు పట్టికా వస్తుంది. అప్పుడు మన విద్యార్థులు ఏ దేశం గెలిచిందని అడగడానికి ముందు, ఎవరికి పరీక్షలు జరిగాయి, ఏ చావును లెక్కలో చేర్చారు, నిరుటి రిజిస్టరు ఎక్కడుంది అని అడగాలి. మన వూళ్ళో ఎవరెవరు పోయారో పేరుపేరునా రాయించాలి. ఊరి రిజిస్టరు సరిగా లేనిచోట ప్రపంచ పట్టిక పట్టుకుని జబ్బలు చరుచుకునే పని పాలకులకే వదిలేద్దాం.